ఇంజను కోసం ఎదురుచూసిన విమానం

బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లో పెరిగే పిల్లలకు రైలు పెట్టె సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఆంధ్ర తీరం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో తాతలు ఫైర్‌మన్లుగా, గార్డులుగా, ఫిట్టర్లుగా పనిచేశారు. ఏ పెట్టె పెరంబూరు కార్ఖానాలో తయారయిందో, ఏది బెంగుళూరు నుంచి వచ్చిందో వారికి బాగా తెలుసు.

ఆ బెంగుళూరు పెట్టెల వెనుక ఒక విశేషం ఉంది. 1940ల చివరి నుంచి 1960ల మధ్య వరకూ వాటిని తయారుచేసింది రైల్వే సంస్థ కాదు. అది ఒక విమానాల కంపెనీ. పేరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్. ఆకాశంలో ఎగరాల్సిన వాటిని తయారుచేసే కంపెనీ పట్టాల మీద నడిచే వాటిని ఎందుకు తయారుచేసింది? అదే కంపెనీ ఆ తరువాత యుద్ధవిమానాన్ని సొంతంగా రూపొందించే స్థాయికి ఎలా చేరింది? అంత చేసిన విమానం అనుకున్న వేగాన్ని ఎందుకు అందుకోలేకపోయింది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వెతికితే మన దేశ విమాన పరిశ్రమ చరిత్ర చాలావరకు తెలుస్తుంది.

వాల్‌చంద్ తలపెట్టిన మూడు పరిశ్రమలు

వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త పేరు విశాఖపట్నం వాసులకు పరిచితమే. అక్కడి ఓడల నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది వేయించింది ఆయన నాయకత్వంలోని సింధియా కంపెనీయే. 1948లో జలప్రవేశం చేసిన 'జల ఉష' ఆ కేంద్రంలో తయారయిన తొలి ఓడ. ఓడలు, మోటారు కార్లు, విమానాలు ఈ మూడూ మన దేశంలోనే తయారు కావాలన్నది వాల్‌చంద్ పట్టుదల.

విలియం పాలీ అనే అమెరికన్ అప్పట్లో చైనాలో విమానాలు బిగించే కార్ఖానా నడుపుతుండేవాడు. అతనితో ఏర్పడిన పరిచయం వాల్‌చంద్ ఆలోచనకు ఊతమిచ్చింది. మైసూరు సంస్థానం బెంగుళూరు శివార్లలో భూమి ఇచ్చి, పెట్టుబడిలోనూ పాలు పంచుకుంది. 1940 డిసెంబరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాదే అమెరికా నుంచి తెచ్చిన విడిభాగాలతో బిగించిన హార్లో శిక్షణ విమానం బెంగుళూరులో పైకి లేచింది.

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. భారత ప్రభుత్వం 1941లో కంపెనీలో వాటా తీసుకుంది. 1942లో వాల్‌చంద్ వాటాను కొని యాజమాన్యాన్ని తన చేతిలోకి తెచ్చుకుంది. 1943లో కార్ఖానా అమెరికా సైనిక వైమానిక దళం నిర్వహణలోకి వెళ్లింది. కొత్త విమానాల తయారీ పక్కకు పోయి, యుద్ధరంగంలో దెబ్బతిన్న విమానాలను బాగుచేయడమే ముఖ్యమైన పనిగా మారింది. మరమ్మతు అంటే చిన్నచూపు చూడనక్కర లేదు. ఒక యంత్రాన్ని పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, అది ఎగిరేలా చేయడం కంటే మంచి పాఠశాల వేరే ఉండదు. వేలమంది కార్మికులు ఆ బడిలో చదువుకున్నారు.

పెట్టెలు కట్టిన రోజులు

1945లో యుద్ధం ముగిసింది. మరమ్మతుకు వచ్చే విమానాల సంఖ్య తగ్గిపోయింది. చేతి నిండా నైపుణ్యం, చేతిలో మాత్రం పని లేదు. రేకును వంచడం, రివెట్లు కొట్టడం, తేలికగానూ దృఢంగానూ ఉండే చట్రాలు కట్టడం తెలిసిన ఇంతమందిని ఏం చేయాలి? వారిని ఇళ్లకు పంపివేస్తే మళ్లీ కావాలన్నప్పుడు దొరకరు.

అప్పుడే కంపెనీ రైలు పెట్టెల తయారీ చేపట్టింది. ఆ కాలంలో చాలా పెట్టెల పై భాగం కర్రతో చేసేవారు. ప్రమాదం జరిగితే అవి ముక్కలై ప్రయాణికులకు గుచ్చుకునేవి, త్వరగా అంటుకునేవి. పూర్తిగా లోహంతో చేసిన పెట్టెలు ఎంతో నయం. విమాన దేహానికీ, లోహపు పెట్టెకూ నిర్మాణ సూత్రంలో పోలిక కూడా ఉంది. రెంటిలోనూ లోపలి చట్రంతో పాటు పైన కప్పిన రేకు కూడా కొంత బరువు మోసేలా రూపొందించవచ్చు. బస్సుల బాడీలు కూడా ఇక్కడ తయారయ్యాయి. ఈ పెట్టెల విభాగం 1965లో కొత్తగా ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థకు బదిలీ అయింది.

అదే సమయంలో మరో ఆశ్చర్యకరమైన పని జరిగింది. యుద్ధానంతరం అమెరికన్లు, బ్రిటిష్‌వారు కాన్పూరులో వదిలి వెళ్లిన లిబరేటర్ బాంబర్లు పాడుపడి ఉన్నాయి. వాటిని ఎవరూ మళ్లీ వాడకుండా పాడుచేసి మరీ వదిలారు. కంపెనీ ఇంజనీర్లు అక్కడికి వెళ్లి, ఎగరడానికి సరిపోయేంత మేరకు వాటిని సరిచేశారు. ప్రధాన టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ నలభైకి పైగా విమానాలను ఒక్కొక్కటిగా బెంగుళూరు చేర్చాడు. అక్కడ పూర్తిగా పునరుద్ధరించిన తరువాత అవి స్వతంత్ర భారత వైమానిక దళంలో బాంబర్లుగా చేరాయి.

సొంత రేఖాచిత్రం

బాగుచేయడం వేరు, కొత్తగా రూపొందించడం వేరు. రెండో పనికి పునాది వేసినవారు డాక్టర్ విష్ణు మాధవ్ ఘాటగే. ఆయన జర్మనీలోని గొట్టింగెన్‌లో లుడ్విగ్ ప్రాంటల్ వద్ద పరిశోధన చేశారు. రెక్క చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుందో లోకానికి వివరించిన మహా శాస్త్రజ్ఞుడు ప్రాంటల్. ఘాటగే కంపెనీ తొలి రోజుల్లోనే బెంగుళూరు చేరారు. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1942లో మొదలైన విమానశాస్త్ర విభాగానికి కూడా ఆయనే సారథి అయ్యారు.

ఆయన నాయకత్వంలో రూపొందిన హెచ్.టి-2 అనే రెండు సీట్ల శిక్షణ విమానం 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. ఇలాంటివి సుమారు 170 తయారయ్యాయి. మన పైలట్లలో ఒక తరం దీని మీదే ఓనమాలు దిద్దుకుంది. 1959లో ఘనా దేశం తన వైమానిక దళాన్ని ఏర్పాటు చేసుకున్నప్పుడు అక్కడి తొలి శిక్షణకూ ఈ విమానాలే పనికివచ్చాయి. ఘాటగే పర్యవేక్షణలోనే రూపొందిన 'కిరణ్' అనే జెట్ శిక్షణ విమానం 1964 సెప్టెంబరు 4న ఎగిరింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. హెచ్.టి-2 దేహం మనది. దాని 155 అశ్వశక్తి ఇంజను బ్రిటన్‌ది. కిరణ్ ఇంజను కూడా బ్రిటన్‌దే. శిక్షణ విమానాలకు దీనివల్ల పెద్ద ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అలాంటి ఇంజన్లు సంతలో దొరికేవే. యుద్ధవిమానం విషయంలో అలా జరగలేదు.

కుర్ట్ టాంక్ బెంగుళూరు రాక

1950ల మధ్యలో మన వైమానిక దళం ఒక పెద్ద కోరిక కోరింది. ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో పోగల యుద్ధవిమానం కావాలి. అది 60,000 అడుగుల ఎత్తుకు చేరాలి. సుమారు 800 కిలోమీటర్ల దూరం వెళ్లి పోరాడి తిరిగి రావాలి. అప్పటికి మన కంపెనీ సొంతంగా రూపొందించినవి పంకా ఇంజను విమానాలే. జెట్ యుద్ధవిమానాలను తయారుచేసినా అవి బ్రిటిష్ నమూనాల ప్రకారం చేసినవే.

ఈ పని కోసం 1956లో డాక్టర్ కుర్ట్ టాంక్ వచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన ఫోకే-వుల్ఫ్ 190 ఆయన రూపకల్పనే. యుద్ధం తరువాత అర్జెంటీనా వెళ్లి అక్కడ 'పుల్కీ' అనే జెట్ విమానం మీద పనిచేశారు. బెంగుళూరులో ఆయన వెంట కొందరు జర్మన్ ఇంజనీర్లు ఉన్నారు. జెట్ యుద్ధవిమానాల రూపకల్పనలో అనుభవమున్న మనవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ధ్వని వేగాన్ని మించిన వేగంలో నమూనాలను పరీక్షించే పెద్ద వాయు సొరంగం దేశంలో లేదు. నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ 1959లోనే మొదలయింది. అక్కడి 1.2 మీటర్ల త్రిశబ్ద వేగ సొరంగం పనిచేయడం ప్రారంభించింది 1967లో.

అందువల్ల వారు ఒక తెలివైన మార్గం ఎంచుకున్నారు. అసలు విమానమంత పరిమాణంలో, అదే ఆకారంలో, కర్రతో ఒక గ్లైడర్ తయారుచేశారు. డకోటా విమానానికి తాడు కట్టి దానిని పైకి లాక్కుపోయి వదిలేవారు. ఇంజను లేకుండానే అది కిందికి జారుతూ దిగేది. 1959, 1960 సంవత్సరాల్లో ఇలా 78 సార్లు ఎగిరింది. రెక్కల తీరు సరిగా ఉందా, తక్కువ వేగంలో విమానం పైలట్ మాట వింటుందా, దిగేటప్పుడు ఎలా ప్రవర్తిస్తుంది అన్నవి ఈ గ్లైడర్ ద్వారా తెలిశాయి. లక్షల రూపాయల యంత్రాన్నీ, పైలట్ ప్రాణాన్నీ పణంగా పెట్టకముందే చాలా లోపాలు సరిదిద్దుకునే వీలు కలిగింది.

1961 జూన్ 17న అసలు విమానం తొలి నమూనా సురంజన్ దాస్ చేతిలో బెంగుళూరు ఆకాశంలోకి లేచింది. దాని పేరు హెచ్.ఎఫ్-24. తరువాత 'మారుత్' అని పేరు పెట్టారు. మన దేశంలో రూపొందిన తొలి జెట్ యుద్ధవిమానం అదే.

ధ్వని వేగం దగ్గర ఏమవుతుంది?

మారుత్ కష్టం అర్థం కావాలంటే కాస్త భౌతికశాస్త్రం గుర్తుచేసుకోవాలి. విమానం ముందుకు పోతున్నప్పుడు గాలిలో చిన్న చిన్న పీడన తరంగాలు పుడతాయి. అవి ధ్వని వేగంతో ముందుకు పోయి, అక్కడి గాలిని పక్కకు తప్పుకునేలా చేస్తాయి. విమానం వేగం ధ్వని వేగాన్ని సమీపించే కొద్దీ ఈ తరంగాలకు ముందుకు పోయే వ్యవధి ఉండదు. అవి ఒకదానిపై ఒకటి పేరుకుని అఘాత తరంగంగా మారతాయి. అక్కడ గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది.

ఈ నిరోధాన్ని రెండు విధాలుగా ఎదుర్కోవాలి. మొదటిది ఆకారం. మారుత్ రెక్కలు పలుచనివి, బాగా వెనక్కి వాలినవి. రెక్కలు అతికే చోట విమాన దేహాన్ని కొంచెం సన్నగా చేశారు. ముక్కు నుంచి తోక దాకా అడ్డుకోత వైశాల్యం హఠాత్తుగా పెరగకుండా మెల్లగా మారితే నిరోధం తగ్గుతుందన్నది 1950లలో తెలిసిన సూత్రం. ఈ విషయంలో మారుత్ రూపం ఆనాటి మేలైన విమానాలకు ఏమీ తీసిపోదు.

రెండవది బలం. అంటే ఇంజను. జెట్ ఇంజను ముందునుంచి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి, ఇంధనంతో మండించి, వేడి వాయువులను వెనక్కి చిమ్ముతుంది. ఆ వాయువుల్లో ఇంకా కాలని ఆక్సిజన్ చాలా మిగిలి ఉంటుంది. టర్బైన్ దాటిన తరువాత తోక గొట్టంలో మరికొంత ఇంధనం చల్లి మండిస్తే వాయువులు ఇంకా వేగంగా బయటికి తోసుకొస్తాయి. దీనినే ఆఫ్టర్‌బర్నర్ అంటారు. ఇంధనం విపరీతంగా తాగుతుంది కాని, కొద్ది నిమిషాల పాటు తోపుడు బలాన్ని బాగా పెంచుతుంది. ధ్వని వేగం దగ్గరి గోడను దాటడానికి ఆ కొద్ది నిమిషాలే కీలకం.

టాంక్ బృందం మారుత్‌ను బ్రిటన్‌కు చెందిన ఆర్ఫియస్-12 అనే ఇంజనును దృష్టిలో పెట్టుకుని గీసింది. ఆఫ్టర్‌బర్నర్‌తో ఒక్కొక్కటి సుమారు 3,700 కిలోగ్రాముల తోపుడు బలం ఇవ్వాలి. రెండు ఇంజన్లకు కలిపి 7,400 కిలోగ్రాములు. పూర్తి బరువుతో మారుత్ సుమారు 10,900 కిలోగ్రాములు. అంటే తన బరువులో మూడింట రెండు వంతుల బలం.

ఆ ఇంజను రానే లేదు. ఆర్ఫియస్-12 అభివృద్ధికి అందుతున్న నిధులు మధ్యలోనే ఆగిపోయాయి. మిగిలిన ఖర్చు భారత్ భరిస్తే పూర్తిచేస్తామని తయారీదారు అడిగారు. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. విదేశీ మారకద్రవ్యానికి కటకటగా ఉన్న ఆ రోజుల్లో ఆ నిర్ణయానికి కారణం ఊహించుకోవచ్చు. కాని దాని ఫలితం మూడు దశాబ్దాలు వెంటాడింది.

ఇంజను వేట

అప్పటికి బెంగుళూరులో ఆర్ఫియస్-703 అనే ఇంజను తయారవుతుండేది. 'నాట్' అనే చిన్న యుద్ధవిమానానికి వాడిన ఇంజనుకు ఇది దగ్గరి చుట్టం. దీనికి ఆఫ్టర్‌బర్నర్ లేదు. తోపుడు బలం 2,200 కిలోగ్రాములు. రెండు కలిపి 4,400. అంటే విమానం బరువులో 40 శాతమే. తాత్కాలికంగా అని చెప్పి మారుత్‌కు వీటినే అమర్చారు. తాత్కాలికం కాస్తా శాశ్వతమయింది. ధ్వని వేగానికి రెట్టింపు పోవలసిన విమానం ధ్వని వేగాన్ని అతి కష్టం మీద అందుకునేది.

వేరే ఇంజను కోసం ప్రయత్నాలు ఆగలేదు. సోవియట్ ఆర్.డి-9 ఇంజనును పరిశీలించారు. అది మారుత్‌కు నప్పలేదు. ఆ తరువాత ఈజిప్టు వైపు చూశారు. అక్కడ ఆస్ట్రియాకు చెందిన ఫెర్డినాండ్ బ్రాండ్నర్ బృందం హెచ్.ఎ-300 అనే విమానం కోసం ఇ-300 అనే ఇంజనును తయారుచేస్తున్నది. ఆ ఈజిప్టు విమానాన్ని 1964 మార్చి 7న తొలిసారి ఎగరేసింది మన వైమానిక దళానికి చెందిన కపిల్ భార్గవ. ఒక మారుత్‌ను కూడా ఈజిప్టుకు పంపి, కొత్త ఇంజను అమర్చి 1967 మార్చిలో ఎగరేశారు. ఆ ఏడాది జూన్‌లో ఇజ్రాయిల్‌తో యుద్ధం వచ్చింది. 1969లో ఈజిప్టు ఆ పథకాన్నే రద్దుచేసింది.

చివరికి మన ఇంజనీర్లు ఆర్ఫియస్-703కే సొంతంగా ఆఫ్టర్‌బర్నర్ జోడించారు. బెంగుళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ ఈ పని చేసింది. 1970 జనవరి 10న ఆ విమానాన్ని పరీక్షిస్తూ, పైకి లేచిన వెంటనే కూలి, సురంజన్ దాస్ మరణించారు. మారుత్‌ను తొలిసారి ఎగరేసిన మనిషి మారుత్‌లోనే ప్రాణం విడిచారు. బెంగుళూరులో ఆ కార్ఖానా పక్కనుంచి పోయే రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.

కుర్ట్ టాంక్ అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయారు. మారుత్‌కు బలమైన ఇంజను అమర్చే ప్రయత్నాలు ఆ తరువాత ఏవీ ఫలించలేదు.

ఎడారిలో పరీక్ష

మారుత్ పూర్తిగా విఫలమయిందని అనుకుంటే అది తప్పు. 1967లో అది స్క్వాడ్రన్‌లోకి చేరింది. శిక్షణకు పనికివచ్చే రెండు సీట్ల విమానాలు 18తో కలిపి మొత్తం 147 తయారయ్యాయి. ఎత్తులో వేగం లేదన్న మాట నిజమే. నేలకు దగ్గరగా ఎగురుతూ శత్రు స్థావరాల మీద దాడి చేసే పనిలో మాత్రం అది ఎంతో స్థిరంగా ఉండేది. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి.

1971 డిసెంబరు యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలోని ఉత్తర్‌లాయ్ తదితర స్థావరాల నుంచి మారుత్‌లు రెండు వారాల్లో 300కు పైగా దాడులకు వెళ్లాయి. లొంగెవాలా పోరులో హంటర్ విమానాలతో పాటు ఇవీ పాల్గొన్నాయి. డిసెంబరు 7న స్క్వాడ్రన్ లీడర్ కె.కె. బక్షీ మారుత్‌తో ఒక పాకిస్థానీ సేబర్ జెట్‌ను కూల్చారు. కింది నుంచి పేల్చిన తుపాకులకు కొన్ని మారుత్‌లను కోల్పోయినా, గాలిలో జరిగిన ద్వంద్వాల్లో ఒక్కటీ పోలేదు. ఒక ఇంజను దెబ్బతిన్నా రెండో ఇంజనుతో స్థావరానికి చేరిన సందర్భాలు ఉన్నాయి. రెక్కలు, దేహం, నియంత్రణ వ్యవస్థ గీసినవారి పనితనానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1990 నాటికి మారుత్‌లన్నీ విరమించాయి. ఒకటి బెంగుళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందు నిలబడి ఉంటుంది. ఇంకొకటి జర్మనీలోని మ్యూనిక్ దగ్గర మ్యూజియంలో ఉంది.

తయారుచేయడం, రూపొందించడం

ఈలోగా మరో కథ సమాంతరంగా నడిచింది. 1962లో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం కుదిరింది. దాని ఇంజను ఒక్కటే ఆఫ్టర్‌బర్నర్‌తో 6,000 కిలోగ్రాములకు పైగా బలం ఇస్తుంది. అంటే మారుత్ రెండు ఇంజన్లూ కలిసి ఇచ్చే దానికంటే ఎక్కువ. పైగా మిగ్ బరువు తక్కువ. ఇక వైమానిక దళం దేని వైపు మొగ్గుతుందో చెప్పనక్కర లేదు.

మిగ్ తయారీకి మూడు కార్ఖానాలు వెలిశాయి. విమాన దేహం నాసిక్‌లో, ఇంజను ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లా సునాబెడాలో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదు బాలానగర్‌లో. 1964 అక్టోబరు 1న పాత కంపెనీ, మిగ్ కోసం ఏర్పడిన కంపెనీ కలిసి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ అయ్యాయి. 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కోరాపుట్ మీదుగానే పోతుంది. అప్పట్లో ఆ మార్గమూ, బిలాస్‌పూర్ డివిజనూ ఒకే ఆగ్నేయ రైల్వేలో భాగాలు. సునాబెడా కార్ఖానా ఆ తరువాత ఎన్నో రకాల రష్యన్ ఇంజన్లను తయారుచేసింది. సుఖోయ్-30 విమానాలకు 240 ఇంజన్లు అందించే ఒప్పందం 2024 సెప్టెంబరులో ఆ సంస్థకే దక్కింది.

600కు పైగా మిగ్-21లు ఇలా మన దేశంలో తయారయ్యాయి. ఇది చిన్న విజయం కాదు. కాని ఒక తేడా గమనించాలి. లైసెన్సు మీద తయారుచేసేవారికి ప్రతి భాగం కొలతా కాగితం మీద దొరుకుతుంది. ఆ కొలత ఎందుకు అంతే ఉండాలో మాత్రం ఆ కాగితం చెప్పదు. పులిహోర కొలతలు రాసిచ్చినంత మాత్రాన కొత్త వంట కనిపెట్టడం రాదు గదా! ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు సొంతంగా రూపొందించి, విఫలమై, సరిదిద్దుకున్నప్పుడే తెలుస్తుంది. మారుత్ మీద పనిచేసినవారు ఆ జవాబులు నేర్చుకున్నారు. వారి తరువాత చేపట్టడానికి మరో పెద్ద యుద్ధవిమానం లేకపోయింది. అనుభవజ్ఞులు పదవీ విరమణ చేశారు. వారి చేతి కింద నేర్చుకోవలసిన కుర్రవాళ్లకు పని దొరకలేదు.

బరంపురం కుర్రవాడు, తేజస్

1983లో ప్రభుత్వం తేలికపాటి యుద్ధవిమాన పథకానికి అనుమతి ఇచ్చింది. 1984లో దానికోసం ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. ఈ పథకానికి సారథ్యం వహించినవారు డాక్టర్ కోట హరినారాయణ. ఆయన 1943లో బరంపురంలో పుట్టారు. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమై, 1936లో ఒరిస్సాలో చేరిన ఈ పట్టణంలో తెలుగువారి సంఖ్య నేటికీ గణనీయమే. బెనారస్‌లో మెకానికల్ ఇంజనీరింగ్, బెంగుళూరులో విమానశాస్త్రం చదివి, బొంబాయి ఐ.ఐ.టి.లో డాక్టరేట్ పొందారు. నాసిక్ మిగ్ కార్ఖానాలో ప్రధాన రూపశిల్పిగా పనిచేశారు. తరువాత 2002లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వచ్చారు.

మారుత్ గీసిన రోజులకూ దీనికీ మధ్య విమాన శాస్త్రం చాలా దూరం పోయింది. తేజస్‌ను కావాలనే అస్థిరంగా రూపొందించారు. అంటే వదిలేస్తే అది నిటారుగా ఎగరదు. అలాంటి విమానం చటుక్కున మలుపు తిరగగలదు. దానిని అనుక్షణం అదుపులో ఉంచేది కంప్యూటర్. పైలట్ కర్ర కదిపితే ఆ ఆజ్ఞ తీగల ద్వారా కంప్యూటర్లకు పోతుంది. అవి లెక్కకట్టి రెక్కల అంచులను కదుపుతాయి. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించింది. ఈ నియంత్రణ వ్యవస్థ మీద అక్కడ పనిచేస్తున్న మన ఇంజనీర్లు తిరిగి రావలసి వచ్చింది. మిగిలిన పని ఇక్కడే పూర్తిచేశారు.

2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ ఆ విమానాన్ని బెంగుళూరులో 18 నిమిషాలు ఎగరేశారు. మారుత్ తొలిసారి లేచిన దాదాపు నలభై ఏళ్లకు మరో భారతీయ యుద్ధవిమానం కొత్తగా గాలిలోకి లేచింది. 2003లో దానికి 'తేజస్' అని పేరు పెట్టారు. 2016 జులైలో తొలి స్క్వాడ్రన్ ఏర్పడింది. 2021లో 83, 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది. ఈ దారిలో నష్టాలూ ఉన్నాయి. 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర ఒకటి, 2025 నవంబరులో దుబాయ్ ప్రదర్శనలో ఒకటి కూలాయి. రెండవ ప్రమాదంలో పైలట్ మరణించారు.

పాత ప్రశ్న

మరి ఇంజను? తేజస్ కోసం 'కావేరి' అనే ఇంజనును సొంతంగా తయారుచేయాలని 1989లో పథకం మొదలయింది. అది కావలసినంత బలం ఇవ్వలేకపోవడంతో 2008లో తేజస్ నుంచి విడదీశారు. తేజస్ ఎగురుతున్నది అమెరికన్ ఇంజనుతోనే. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరు ఇస్తే తొలి ఇంజను చేతికి అందింది 2025 మార్చిలో. ఈలోగా విమాన దేహాలు ఇంజన్ల కోసం ఎదురుచూశాయి. మారుత్ కథ తెలిసినవారికి ఈ మాట వింటే గుండె కలుక్కుమంటుంది.

జెట్ ఇంజను ఎందుకింత కష్టం? టర్బైన్ రేకుల మీదికి వచ్చే వాయువుల వేడి ఆ రేకుల లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. ఆ వేడిలో రేకు నిమిషానికి వేల చుట్లు తిరగాలి, సాగిపోకూడదు, పగలకూడదు. మామూలు లోహం చిన్న చిన్న స్ఫటికాల కూర్పు. అధిక వేడిలో ఆ స్ఫటికాల మధ్య అతుకులే ముందుగా జారతాయి. అందుకే రేకు మొత్తాన్నీ ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. దాని లోపల సన్నని దారులు పెట్టి చల్లని గాలి పంపుతారు. ఈ విద్య తెలిసిన దేశాలు ప్రపంచంలో కొద్దే. తెలిసినవారు ఎంత డబ్బు ఇచ్చినా పూర్తిగా చెప్పరు.

ఈ దిశలో మన ప్రాంతంలోనూ పని జరుగుతోంది. హైదరాబాదులో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ వేడిని తట్టుకునే ప్రత్యేక మిశ్రమ లోహాలను తయారుచేస్తోంది. అదే నగరంలోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల ఏక స్ఫటిక రేకులను రూపొందించి, హెలికాప్టర్ ఇంజను కోసం 60 రేకులను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసింది. అరవై రేకులు చిన్న సంఖ్యలా కనిపించవచ్చు. 1951లో హెచ్.టి-2 కూడా ఒక్కటే ఎగిరింది.

రైల్వే ఊరి పిల్లలకు ఈ కథ సారాంశం సులభంగానే అర్థమవుతుంది. ఎంత చక్కని పెట్టె కట్టినా, ఇంజను వచ్చి తగిలించుకునేదాకా అది యార్డులో నిలబడవలసిందే. పెట్టెలు కట్టిన చేతులతోనే మనవారు విమానాలు కట్టారు. దేహం, రెక్కలు, తీగలు, కంప్యూటర్లు ఒక్కొక్కటే నేర్చుకున్నారు. మిగిలిపోయినది ఇంజను. లోహశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం, ద్రవగతిశాస్త్రం పాఠాలు ఇప్పుడు చదువుతున్న విద్యార్థుల్లో కొందరు ఆ పనికి పూనుకోవాలి. వారికి తెలివితేటలతో పాటు ఓర్పు కావాలి. ఆ ఓర్పు దేశానికీ కావాలి. ఒక ఇంజను రాలేదని రూపకల్పన బృందాన్ని చెదరగొట్టుకుంటే, మళ్లీ కూడగట్టడానికి ఎంత కాలం పడుతుందో మారుత్, తేజస్‌ల మధ్య గడిచిన ఆ నలభై ఏళ్లే చెబుతున్నాయి.